పండుటాకుల దారి

జపాన్‌లోని క్యోటో శరత్తును తలుచుకుంటే ముందుగా పాదాలకు చలి గుర్తొస్తుంది. ఎరుపు ఆ తర్వాతే. గుడి గుమ్మంలో బూట్లు విప్పి, వందల ఏళ్ళ అడుగులకు నున్నబడిన చెక్క వసారా మీద కాలు మోపగానే అరికాళ్ళలోంచి చలి జివ్వున పైకెక్కుతుంది. వసారా చివర, చూరు కింద నలుపుకీ నేల నలుపుకీ మధ్య, ఒక్క మేపుల్ కొమ్మ వెలుగుతూ ఉంటుంది. ఆ దృశ్యం కళ్ళకు ఎంత గుర్తో కాళ్ళకూ అంతే గుర్తు. అందుకే ఆ రోజుకి తయారయ్యేవాళ్ళకు చెప్పే మొదటి మాట మేజోళ్ళ గురించే: మందపాటి ఉన్నివి, చిరుగుల్లేనివి. బూట్లు లేసులు లేనివైతే మరీ మంచిది. రోజంతా విప్పడం, తొడగడం, మళ్ళీ విప్పడం. లేసులు కట్టుకుంటూ గుమ్మంలో కూర్చుంటే వెనక వరస ఆగిపోతుంది.

మన లెక్కలో అది శరత్తు కూడా కాదు. క్యోటో నగరంలో ఆకులు బాగా పండేది నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. ఇక్కడ కార్తీకం ముగిసి మార్గశిరం నడుస్తుంటుంది. ఉసిరి చెట్ల కింద వనభోజనాలు అప్పుడే అయిపోయి ఉంటాయి. చెట్టు కోసమే పనిగట్టుకుని బయల్దేరి, దాని నీడన రోజంతా గడపడం మనకు తెలిసిన సంబరమే కాబట్టి, అక్కడివాళ్ళు మోమిజిగారి అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. మోమిజి అంటే ఎర్రబడిన మేపుల్ ఆకు. గారి అంటే వేట. చేతికేమీ చిక్కని వేట అది, కళ్ళకు చిక్కితే చాలు.

ఆకు ఎర్రబడే పద్ధతి తెలిస్తే ఏ రోజున వెళ్ళాలో తేలిగ్గా పట్టుకోవచ్చు. రాత్రి చలి సుమారు 8 డిగ్రీలకు దిగితే రంగు మొదలవుతుంది. ఐదారు డిగ్రీలకు దిగితే జోరందుకుంటుంది. చలికి ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, తొడిమ దగ్గర బెరడులాంటి పొర అడ్డుపడుతుంది. పగటి ఎండకు ఆకులో తయారైన చక్కెర కొమ్మలోకి దిగలేక అక్కడే నిలిచిపోయి, దాన్నుంచి ఎర్ర రంగు పుడుతుంది. మన ఊళ్ళలో నాటు బాదం ఆకు రాలేముందు ఎర్రబడటం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పగలు ఎండ, రాత్రి చలి, గాలిలో కాస్త తేమ, ఈ మూడూ కుదరాలి. రాత్రులు వెచ్చగా ఉంటే రంగు ఆలస్యమై మబ్బుగా వస్తుంది. వాన పడక ఎండిపోతే ఆకు కొసలు ముడుచుకుని గోధుమరంగుకి తిరుగుతాయి. అంతా బాగా కుదిరాక ఒక్క రాత్రి ఈదురుగాలి కొడితే చెట్టు మీది ఎరుపంతా నేల మీదికి దిగుతుంది. అయితే అది నష్టమేమీ కాదు. రాలిన ఆకుల తివాచీ చూడటానికే వచ్చేవాళ్ళున్నారు, దానికి వేరే పేరే ఉంది: చిరి మోమిజి. జింకో చెట్టు మాత్రం ఎర్రబడదు, పచ్చదనం పోయాక ఆకులో ముందునుంచీ దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. దాని కింద పండ్లు రాలి ఉంటే తొక్కకుండా నడవాలి. బూటుకి అంటిన ఆ కుళ్ళు వెన్నవాసన సాయంత్రం దాకా వదలదు.

ఒక్క రోజుకి ఒక్క దారి చాలు. కెయాగే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి నాన్‌జెన్‌జీ, ఏకాన్‌దో గుళ్ళు, తత్వవేత్త బాట అనే కాలువగట్టు దారి, హోనెన్‌ఇన్ గుడి, చివరికి గిన్‌కాకుజీ గుడి. కొలిస్తే మూడు నాలుగు కిలోమీటర్లు దాటదు. దీనికి అరషియామానో తోఫుకుజీనో కలిపి ఒకే రోజులో చుట్టేద్దామనుకుంటే మిగిలేది బస్సులో నిలబడిన జ్ఞాపకమే. చాలామంది ఈ దారిని ఉత్తరాన గిన్‌కాకుజీ నుంచి మొదలుపెట్టి దక్షిణానికి వస్తారు. తిరగేసి నడవడమే మేలు. కారణం నీళ్ళు. ఈ బాట పక్కన పారే కాలువ ఉత్తరానికి పోతుంది. రాలిన ఆకులు నీటి మీద మనతో పాటు మన వేగానికే సాగుతుంటాయి. ఎదురు నడిస్తే ఆ తోడు ఉండదు.

అసలు క్యోటోలో నీరు ఉత్తరానికి పారడమే వింత. ఊరు ఉత్తరం నుంచి దక్షిణానికి వాలి ఉంటుంది, నదులన్నీ అటే దిగుతాయి. ఈ కాలువ కొండ పాదాన్ని పట్టుకుని సన్నటి వాలుతో వెళ్ళడం వల్ల నీరు ఎగువకు పారుతున్నట్టు కనిపిస్తుంది. రాజధాని తోక్యోకి తరలిపోయాక క్యోటో డీలాపడింది. ఊరిని మళ్ళీ నిలబెట్టడానికి పక్కనున్న బివా సరస్సు నీటిని కొండలు తొలిచి తీసుకొచ్చారు. పని 1885లో మొదలై 1890లో పూర్తయింది. నడిపించిన ఇంజినీరు తనాబే సకురో అప్పటికి చదువు ముగించి కొద్దికాలమే అయిన కుర్రవాడు. 1891లో ఆ నీటితోనే కెయాగేలో కరెంటు తీశారు, 1895లో ఆ కరెంటుతోనే జపాన్‌లో మొదటి విద్యుత్ ట్రాము క్యోటో వీధుల్లో నడిచింది.

కెయాగే స్టేషన్ బయటికి వచ్చి కాస్త నడిస్తే చిన్న ఇటుక సొరంగం కనిపిస్తుంది. లోపలికి తలెత్తి చూస్తే ఇటుకల వరసలు తిన్నగా ఉండవు, తాడు పేనినట్టు మెలికలు తిరుగుతాయి. సొరంగం పైనున్న రైలు పట్టాలు దీన్ని ఏటవాలుగా దాటుతాయి. ఆ బరువును కాయడానికే ఇటుకలను అలా వాలుగా పేర్చారు. పైన ఉన్నవి పడవల్ని బళ్ళ మీద ఎక్కించి వాలు దించిన పట్టాలు, 582 మీటర్ల పొడవు. ఆ సొరంగం దాటితే నాన్‌జెన్‌జీ వీధి పది నిమిషాలు.

ఉదయం ఏడున్నరకు అక్కడుంటే ఆవరణ దాదాపు ఖాళీ. గుడి లోపలి భాగాలకు టికెట్టు ఉంది కానీ ఆవరణకు లేదు, గేటూ లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఈ గుళ్ళన్నీ తూర్పు కొండకు పడమటి పాదాన ఉన్నాయి. సూర్యుడు ఆరూ నలభైకే ఉదయించినా కొండ దాటి ఆకుల మీదికి రావడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా ఎరుపు నీడలో బరువుగా, కాస్త నల్లగా ఉంటుంది. ఫొటోలకు అది పనికిరాదని తొందరపడి వెళ్ళిపోయేవాళ్ళు నష్టపోతారు. మొదటి ఎండ కొండ అంచు దాటి ముందు చెట్టు చిటారు కొమ్మకు తగిలి, కిందికి కొమ్మ కొమ్మకూ దిగడం చూడాలంటే ఆ నీడలోనే ఓపిక పట్టాలి.

నాన్‌జెన్‌జీని 1291లో కమేయామ చక్రవర్తి తన విడిదిని జెన్ అనే బౌద్ధ శాఖ గుడిగా మార్చి స్థాపించాడు. ముందున్న పెద్ద ద్వారం 1628లో కట్టింది. ఒసాకా ముట్టడిలో చనిపోయినవాళ్ళ కోసం తోదో తకతోరా అనే ప్రభువు కట్టించాడు. 22 మీటర్ల ఎత్తు. పైకెక్కే మెట్లు నిచ్చెనంత నిటారు, మేజోళ్ళతో ఎక్కాలి కాబట్టి పక్క కర్రను రెండు చేతులా పట్టుకోవాలి. చేతిలో కెమెరా వద్దు. పైనుంచి చూస్తే ఎర్రటి చెట్ల నెత్తులు కాళ్ళ కింద ఉంటాయి. చెట్టును కింద నుంచి చూడటానికి అలవాటుపడ్డ కళ్ళకు అది వేరే చెట్టులా తోస్తుంది.

ఇక్కడ మనవాడొకడున్నాడు. జెన్ గురుపరంపరలో పద్నాలుగో పేరు ఆచార్య నాగార్జునుడిది. కృష్ణా తీరాన నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తున్నదో ఆయనే. జపాన్‌లో ఆయన పేరు ర్యూజు. నాగుకు ర్యూ, చెట్టుకు జు. అర్జున వృక్షం, అంటే మన మద్దిచెట్టు, కింద పుట్టాడన్న కథ ఆ రెండో అక్షరంలో దాగుంది. జపాన్‌లో ఆయన్ని ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడిగా చెప్పుకుంటారు. అంత దూరాన, అంత చలిలో ఆ పేరు తెలుసుకుంటే పరాయి గుడి అనిపించదు.

ఆవరణలో దక్షిణం వైపున ఇటుక కమానుల మీద కాలువ వెళ్తుంది. సుయిరోకాకు అంటారు. 1888లో కట్టారు, 93 మీటర్ల పైచిలుకు పొడవు, 9 మీటర్ల ఎత్తు. ప్రాచీనమైన గుడిలో రోమన్ల పద్ధతి ఇటుక వంతెన ఎలా ఇముడుతుందనుకుంటాం గానీ, నాచు పట్టి, ఉప్పుచార లేచి, ఆ ఇటుక ఇప్పుడు మేపుల్ ఆకుకన్నా పాతబడిన ఎరుపులోకి తిరిగింది. అందరూ కింద కమానుల మధ్య ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. పక్కనున్న మెట్లెక్కితే పైన నీరు కనిపిస్తుంది. లోతు లేకపోయినా మంచి వేగంతో, చప్పుడు లేకుండా పోతుంది. బివా సరస్సు నుంచి కొండల కిందుగా వచ్చిన నీరు అది.

ఎనిమిదీ నలభై ఐదుకల్లా ఏకాన్‌దో గేటు దగ్గరుండాలి. నాన్‌జెన్‌జీ నుంచి నడక ఐదు నిమిషాలు. తొమ్మిదికి తెరుస్తారు. ఆకుల రోజుల్లో పదిన్నర దాటితే లోపల నడక ఉండదు, తోపులాటే. నవంబరు 23 అక్కడ జాతీయ సెలవు. ఆ రోజు, దానికి దగ్గరి శని ఆదివారాలు వదిలేస్తే సగం బాధ తప్పుతుంది. రాత్రి దీపాలతో మళ్ళీ తెరుస్తారు గానీ దానికి టికెట్టు వేరే, పగటి టికెట్టుతో లోపలే ఉండిపోనివ్వరు. కౌంటర్ల దగ్గర చిల్లర నోట్లు, నాణేలు చేతిలో ఉంటే మేలు.

ఈ గుడి 853 నాటిది. కుకై అనే బౌద్ధ గురువు శిష్యుడు షిన్‌షో అంతకుముందు ఒక కవి విడిది చేసిన స్థలాన్ని తీసుకుని గుడి చేశాడు. ఇప్పుడు ఇక్కడ సుమారు 3000 మేపుల్ చెట్లు. రాతిగోడలాంటి కొండ ఏటవాలు మీదనుంచి వేలాడే కొమ్మలు కొన్ని ఉన్నాయి, వాటికి ఆ కవి కాలంనుంచీ పేరు. కొలను మధ్య చిన్న దీవిలో బెంతెన్ గుడి. బెంతెన్ అంటే మన సరస్వతి. చేతిలో వీణలాంటి బివా వాద్యం ఉంటుంది ఆవిడకు. కాలువ నీరొచ్చే సరస్సుకు కూడా అదే పేరు.

ఇంత ఎరుపు మధ్య, ఆకుల కోసం వచ్చినవాళ్ళు చూడకుండా వెళ్ళేది ఆ గుడి ప్రాణాన్నే. బూట్లు సంచిలో పట్టుకుని, వంకర తిరిగిన చెక్క మెట్లు దాటి లోపలి మందిరానికి వెళ్ళాలి. అక్కడ అమిదా, అంటే అమితాభ, బుద్ధుడి విగ్రహం 77 సెంటీమీటర్లు, నిలబడి ఉంటుంది. ఎదురుగా నిలబడితే ముఖం కనిపించదు. బుద్ధుడు ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. 1082లో, ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, ఏకాన్ అనే సన్యాసి నామం జపిస్తూ వేదిక చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే విగ్రహం వేదిక దిగి ముందు నడిచిందట. ఆశ్చర్యంతో ఆయన ఆగిపోయాడు. ముందు నడుస్తున్న బుద్ధుడు తిరిగి చూసి, ఏకాన్, ఆలస్యం చేస్తున్నావు అన్నాడట. ఆ చూపును అలాగే నిలిపారు. ముఖం చూడాలంటే వేదిక పక్కకు వెళ్ళాలి, అక్కడ నిలబడే చోటుంది. పెదవులు కాస్త తెరిచి ఉన్నట్టుంటాయి. చూపులో మందలింపు లేదు. వెనకబడినవాడు వస్తున్నాడో లేదో చూసుకునే పెద్దవాళ్ళ చూపు అది. వెనక వరస తోస్తుంది గానీ రెండు నిమిషాలైనా అక్కడ నిలబడాలి. తొమ్మిదికే వచ్చేది ఇందుకే: తోట చూడకముందు నేరుగా ఇక్కడికి రావాలి.

తోటలోకి దిగాక ఒక చెట్టు కింద తలెత్తి సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఆకు గుండా ఎండ కనిపిస్తుంది. నవంబరు చివర మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 35 డిగ్రీల ఎత్తుకు మించడు, అందుకే ఆ ఎండ రోజంతా పక్కవాటుగానే పడుతుంది, ఆకులు దీపం చిమ్నీల్లా వెలుగుతాయి. ఎండను వీపున పెట్టుకుని చూస్తే అదే చెట్టు రంగు వేసిన గోడలా చదునుగా ఉంటుంది. ఒక ఆకు అరచేతిలో వేసుకుని వేళ్ళు లెక్కపెట్టవచ్చు. ఈ జాతి పేరు ఇరోహా మోమిజి. దాని ఏడు వేళ్ళను ఇ, రో, హా, ని, హో, హే, తో అని లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి ఆ పేరు. అది వాళ్ళ పాత అక్షరమాల వరస, ప్రతి అక్షరం ఒక్కసారే వచ్చేలా అల్లిన పద్యం. ఎంత పరిమళించినా రంగులు రాలిపోతాయన్నదే ఆ పద్యం మొదటి మాట. ఇప్పటి పిల్లలు నేర్చే వరస మాత్రం అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న. సంస్కృత అక్షరాలు చదువుకున్న సన్యాసుల చలవ వల్ల అది మన ఓనమాలకు దగ్గరి చుట్టం.

పదకొండుకి నాన్‌జెన్‌జీ వీధికి వెనక్కి వచ్చి యుదోఫు తినాలి. ఈ గుడి చుట్టుపక్కల పేరుపడ్డ తిండి అది. మట్టికుండలో నీళ్ళు, అడుగున కొంబు అనే సముద్రపు నాచు ముక్క ఒకటి, అందులో తొఫు, అంటే సోయా పాల జున్ను, ముక్కలు. అంతే. బల్ల మీదే సన్నని మంట మీద ఉంచుతారు. నీళ్ళు తెర్లనివ్వకూడదు. తెర్లితే తొఫులో బొరియలు పడి గట్టిపడుతుంది, స్పాంజి నమిలినట్టుంటుంది. ముక్క నీళ్ళలో సన్నగా ఊగి పైకి తేలబోతున్నప్పుడే చిల్లుల గరిటెతో తీసుకోవాలి. నంజుకోవడానికి సోయా పులుసు, తురిమిన అల్లం, ఉల్లికాడలు. మొదటి ముక్క ఏమీ వేసుకోకుండా తింటే గింజ వాసన, నీళ్ళ తియ్యదనం తెలుస్తాయి. శాకాహారులు ఇక్కడ జాగ్రత్తపడాల్సింది కుండ విషయంలో కాదు, గిన్నెలోని పులుసు విషయంలో. అందులో ఎండుచేప సారం ఉండటం మామూలు. పక్క వంటకాల్లోనూ ఉండవచ్చు. "కత్సువో హైత్తెమాస్ కా" అని అడిగితే చేప ఉందో లేదో చెప్తారు. ఉందంటే ఉత్త షోయు, అంటే సోయా సాస్, ఇమ్మంటే ఇస్తారు. పేరున్న అంగళ్ళలో పన్నెండు దాటితే గంట నిరీక్షణ తప్పదు.

ఇక కాలువ బాట. ఏకాన్‌దో పక్క న్యకుఒజి వంతెన దగ్గర మొదలై రెండు కిలోమీటర్ల లోపే. ఆగకుండా నడిస్తే అరగంట. ఆగకుండా నడవాల్సిన పనేముంది? క్యోటో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన నిషిదా కితారో ఆలోచించుకుంటూ నడిచిన దారి కాబట్టి తత్వవేత్త బాట అన్నారు. నిజానికి ఈ బాట వసంతంలో చెర్రీ పూలకు ప్రసిద్ధి. శరత్తులో చెర్రీ ఆకు నారింజ రంగుకి తిరిగి మేపుల్ కన్నా ముందే రాలిపోతుంది. అందువల్ల ఇక్కడ ఎరుపు అక్కడక్కడే. జనం తగ్గేదీ అందుకే, ఈ రోజులో ఊపిరి పీల్చుకునే భాగమూ ఇదే.

చెర్రీ, మేపుల్ అన్నాక తోఫుకుజీ గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ లోయంతా మేపుల్ చెట్లే, చెర్రీ లేదు. మిన్‌చో అనే చిత్రకారుడైన సన్యాసి గీసిన బొమ్మకు మెచ్చి షోగన్, అంటే సైనిక పాలకుడు, యోషిమోచి ఏం కావాలో కోరుకోమన్నాడట. చెర్రీ పూలకు జనం పోగై తాగి గోల చేస్తారు, ఆ చెట్లు కొట్టించండి అని కోరాడట. ఇప్పుడు మేపుల్ కోసం అంతకన్నా జనం వస్తున్నారు. ఆ గుడి వంతెన మీద ఆకుల రోజుల్లో నిలబడి ఫొటోలు తీయనివ్వరు.

బాట నుంచి కుడివైపు చిన్న సందులో ఒతోయో మందిరం. అది బౌద్ధ గుడి కాదు, జపాన్ సొంత మతమైన షింతో దేవస్థానం. ఇక్కడ చప్పట్లు ఉన్నాయి: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. బౌద్ధ గుడిలో చప్పట్లు కొట్టకూడదు, మనలాగే చేతులు జోడిస్తే చాలు. ఇక్కడి ఉపగుడికి కాపలా సింహాలు కాదు, రెండు రాతి ఎలుకలు. మనకు వెంటనే వినాయకుడు తడతాడు గానీ కథ వేరు. మంటల్లో చిక్కుకున్న దేవుడికి ఎలుక దాక్కునే బొరియ చూపించి కాపాడింది.

హోనెన్‌ఇన్ ఇంకాస్త పైన, చెట్లలో ఉంటుంది. సాయంత్రం నాలుగుకి మూసేస్తారు కాబట్టి రెండు, రెండున్నరకు చేరాలి. ఆవరణకు టికెట్టు లేదు. నాచుపట్టిన గడ్డికప్పు ద్వారం, దాటగానే దారికి రెండు వైపులా తెల్ల ఇసుకతో పోసిన రెండు తిన్నెలు. పైభాగం చదును. దాని మీద పార గీతలతో బొమ్మ వేస్తారు. నీటి అలలు, శరత్తులో ఒక ఆకు. ఇసుక నీటికి గుర్తు. రెండింటి మధ్య నడిస్తే స్నానం చేసి లోపలికి వెళ్ళినట్టు. మన గుడి ముందు కోనేరు ఉన్నట్టే, కాకపోతే తడవని కోనేరు. దగ్గరగా వంగి చూస్తే ఇసుక పూర్తిగా తెలుపు కాదు. తెల్లటి, బూడిదరంగు రేణువుల మధ్య మిరియపు పొడిలా నల్లటివి ఉంటాయి. ఈ కొండల్లోని షిరకావా గ్రానైటు పొడి అది. నలుపు కలిసినందువల్లే ఎండలో కళ్ళు జిగేలుమనవు. వానకు గీతలు కరిగిపోతే మళ్ళీ గీస్తారు. కొన్నిసార్లు గాలికి రాలిన నిజమైన ఆకు ఒకటి గీసిన ఆకు పక్కనే పడి ఉంటుంది.

గిన్‌కాకుజీకి మూడున్నర. పడమటి ఎండ అప్పుడు నేరుగా కొండ మీద పడుతుంది, పొద్దున నల్లగా కనిపించిన ఎరుపు ఇప్పుడు మండుతుంటుంది. నవంబరు ఆఖరు దాకా ఐదింటి వరకు తెరిచి ఉంచుతారు, డిసెంబరులో నాలుగున్నరకే మూసేస్తారు. వెండి మంటపం అని పేరే గానీ వెండి రేకు ఎప్పుడూ తొడగలేదు. షోగన్ యోషిమసా 1482లో విశ్రాంతి కోసం మొదలుపెట్టిన భవనం, ఆయన పోయాక గుడి అయింది. ముందు ఆరడుగుల ఎత్తున కోసిన శంకువులాంటి ఇసుక దిబ్బ, పక్కన చారలు గీసిన ఇసుక మైదానం. నిజానికి ఇక్కడ ఎరుపు తక్కువ, నాచు ఎక్కువ. రోజంతా ఎరుపు చూసి అలసిన కళ్ళకు ఆ పచ్చదనం చల్లగా తగులుతుంది. అందుకే ఇది చివర.

నాచు తోటలోంచి మెట్లు కొండపైకి వెళ్తాయి. పైనుంచి మంటపం కప్పు, దాని వెనక ఊరు, దాని వెనక పడమటి కొండలు. పొద్దు నాలుగూ నలభై ఐదు ప్రాంతాల గుంకుతుంది. ఎండ పోయిన పది నిమిషాల్లో చలి మెడలోకి దిగుతుంది. సంచిలో అడుగున పెట్టిన స్వెటరు అప్పటికే చేతికి రావాలి.

బయటికి వచ్చాక బస్సు స్టాపులో వరస పొడుగ్గా ఉంటుంది. బస్సు వచ్చినా నిండే వస్తుంది. ఇమాదెగావా వీధి పట్టుకుని పడమటికి నడిస్తే అరగంటలో దెమాచియనాగి స్టేషన్. దారిలో వెచ్చని టీ సీసా కొని రెండు చేతుల్లో పట్టుకుంటే వేళ్ళు కదులుతాయి. పొద్దుటినుంచీ తోడొచ్చిన కాలువ కూడా గిన్‌కాకుజీ వంతెన దగ్గర పడమటికి మళ్ళి కొంతదూరం వీధి పక్కనే వస్తుంది. వీధి దీపాల కింద నీటి మీద ఆకులు నల్లగా కదులుతుంటాయి. తర్వాత కాలువ ఇళ్ళ మధ్య ఉత్తరానికి తిరిగిపోతుంది. స్టేషన్ ఇటు.